అప్పుతో కొన్న పట్టా

పై చదువులకు విదేశాలు వెళ్ళే యువకుల గురించి మనలో రెండు అభిప్రాయాలు ప్రచారంలో వున్నాయి. పట్టణ మధ్యతరగతి వారిని విజయవీరులుగా కొలుస్తున్నది. అభ్యుదయవాదుల్లో కొందరు వారిని మేధోవలసకు పాల్పడిన స్వార్థపరులుగా నిందిస్తున్నారు. పైకి విరుద్ధంగా కనిపించినా ఈ రెండు వాదాలూ ఒకే తాను ముక్కలు. రెండూ విద్యార్థి గుణగణాలను తూచేవే. అతను కట్టిన ఫీజు ఎక్కడినుంచి వచ్చింది, ఎవరి ఖజానాకు చేరింది అని రెండూ అడగవు.

1913లో అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంపై వెళ్ళారు. చదువు ముగిశాక సంస్థానంలో పదేళ్ళు పనిచేయాలన్నది షరతు. అంటే ఖర్చు సంస్థానానిది, ప్రతిఫలంగా అడిగింది సేవ. నేటి బేరం వేరు. బ్రిటన్‌లో 1967లో, అదీ లేబర్ ప్రభుత్వమే, స్వదేశీ విద్యార్థికి 70 పౌన్లున్న ఫీజును విదేశీ విద్యార్థికి 250 పౌన్లు చేసింది. 1980 నుంచి థాచర్ ప్రభుత్వం కొత్తగా చేరే విదేశీయుల చేత పూర్తి ఖర్చూ కట్టించింది. వలసల సంపదతో బలిసిన దేశం ఆ వలసల బిడ్డలకే చదువును సరుకుగా అమ్మింది!

అమెరికాలో ఈ వ్యాపారం ఎంతటిది? 2023-24లో అక్కడ నమోదైన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అన్ని దేశాల విద్యార్థులూ కలిసి ఆ ఏడాది అమెరికా ఆర్థిక వ్యవస్థకు 4,380 కోట్ల డాలర్లు సమకూర్చారని అక్కడి నాఫ్సా సంస్థే లెక్కగట్టింది. దోచుకుపోతున్నవాడు విద్యార్థా, దోపిడికి గురవుతున్నవాడు విద్యార్థా?

మన వైపు లెక్క కూడా చూద్దాం. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. ఇంటి దస్తావేజులు బ్యాంకు బీరువాలోకి చేరాకగాని చాలామంది విమానం ఎక్కలేరు. అక్కడ చదువుకునే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. పట్టా వచ్చాక ఏడాదిపాటు, సాంకేతిక శాస్త్రాలవారికైతే మరి రెండేళ్ళు, ‘శిక్షణ’ పేరిట ఉద్యోగం. ఆ కాలంలో ఇటువంటి ఉద్యోగి తరఫున యజమాని సాధారణంగా సామాజిక భద్రతా పన్ను కట్టనక్కరలేదు. కాబట్టి ఈ విద్యార్థి ఒకవైపు కొనుగోలుదారు, మరొకవైపు చౌక శ్రామికుడు.

ఈ గత్యంతరం లేని స్థితి ఎక్కడికి నెడుతుందో 2019 జనవరిలో బయటపడింది. మిచిగన్‌లోని ‘ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం’ అమెరికా వలస అధికారులే పన్నిన వల. పాఠాలు లేవు, అధ్యాపకులు లేరు, ఫీజులు మాత్రం నిజం. చేరినవారిలో అత్యధికులు భారతీయులు, వారిలో తెలుగువారు ఎందరో. దాదాపు 250 మందిని నిర్బంధించారు. తరగతులు లేవని తెలిసే చేరారని అధికారుల వాదన. కొందరికి తెలుసనే అనుకుందాం. నెలనెలా వడ్డీ పెరుగుతుంటే, వీసా పోతే అప్పు తీరే దారే మూసుకుపోతుంటే, ఆ భయాన్ని ఎరగా వాడుకున్న ప్రభుత్వానికి నీతి చెప్పే హక్కు ఎక్కడిది?

మన సాహిత్యం బాధ్యత ఇక్కడే వస్తుంది. ప్రవాస కథల్లో ఆవకాయ జాడీ వుంది, మంచు వుంది, ఫోను కోసం కాచుకున్న తల్లి వుంది. బ్యాంకు నోటీసు అరుదుగా తప్ప లేదు. బెంగను వర్ణించి దాని ఆర్థిక మూలాన్ని దాటవేయడం వాస్తవికత కాదు.

‘ఇక్కడే వుండి చదువుకోరాదా?’ అనే మిత్రులను ఒకటి అడగాలి. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పదవులు ఏళ్ళ తరబడి ఖాళీగా వుంచిన ప్రభుత్వాలను ప్రశ్నించకుండా, వెళ్ళిపోయే కుర్రవాణ్ణి ప్రశ్నించడం ఏం న్యాయం? ఆ ఖాళీలు నింపాలి. ఉన్నత పరిశోధనకు వెళ్ళే పేద విద్యార్థికి అప్పు కాదు, ఉపకార వేతనం కావాలి. ఆశలమ్మే కన్సల్టెన్సీలను చట్టానికి జవాబుదారీ చేయాలి.

వెళ్ళినవాడు మనకు దూరమైనవాడూ కాడు. 2022 నవంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 48,000 మంది విద్యా కార్మికులు సమ్మె చేసినప్పుడు వారిలో విదేశీ విద్యార్థులూ వున్నారు. పట్టా కొనుక్కున్నవాడు కార్మికుడిగా సంఘటితం కాగలడని వారు నిరూపించారు. అతన్ని నిందించడం మాని, అతనితో మాట్లాడడం మన సంఘాలు ఇప్పుడు చేపట్టవలసిన పని.