ముందు పొగ... తర్వాతే పరుగు!

అమెరికాలోని పొమోనా పట్టణం. డ్రాగ్ రేసుల అభిమానులకు అదో పుణ్యక్షేత్రం. రెండు కార్లు పక్కపక్కన వచ్చాయి. పందెం మొదలవుతుందని అందరూ ఊపిరి బిగబట్టి చూస్తుంటే అవి గీత దగ్గరికి వెళ్లకుండా ముందున్న నీళ్ల మడుగులోకి దిగాయి. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. క్షణాల్లో తెల్లటి పొగ కమ్మేసింది. గీత దాటి చాలా దూరం వెళ్లిన ఆ కార్లు మళ్లీ నిదానంగా వెనక్కి వచ్చాయి. అసలు పందెం ఇంకా మొదలే కాలేదు!

కొత్తగా చూసేవాళ్లకి ఇదంతా ఆర్భాటంగా అనిపిస్తుంది. ఈలలు వేయించుకోవడానికే అనుకుంటారు. కానీ ఈ 'బర్నవుట్' లేకపోతే ఆ కారు ఉన్నచోటు నుంచి సరిగ్గా కదలను కూడా కదల్లేదు.

టాప్ ఫ్యూయల్ అనే పెద్ద రకం కార్లనే తీసుకుందాం. ఇంజిను శక్తి 11 వేల హార్స్‌పవర్ పైమాటే. బయలుదేరిన సెకను తిరిగేలోపే గంటకు 160 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. ఇంత బలమూ నేలకు చేరేది రెండు వెనక టైర్ల మీదుగానే. పట్టు దొరక్కపోతే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది, పక్కవాడు వెళ్లిపోతాడు. అందుకే ఆ టైర్లకు గాళ్లు ఉండవు, నున్నగా ఉంటాయి. గాలి కూడా ఆరేడు పీఎస్ఐకి మించదు. కారు కదిలేటప్పుడు టైరు పక్కభాగం ముడతలు పడి, నేలకు ఆనుకునే మేర పెరుగుతుంది.

మరి వేడి ఎందుకు? చల్లగా ఉన్న రబ్బరు గట్టిగా ఉంటుంది. వేడెక్కితే మెత్తబడి, ట్రాక్ మీది సన్నటి గుంటల్లోకి కూడా సర్దుకుని అతుక్కుంటుంది. ఇది అచ్చం బెల్లం పాకం లాంటిదే. లేతగా ఉంటే ఉండ కట్టదు, ముదిరితే పనికిరాదు. టైరు కూడా అంతే. వేడి ఎక్కువైతే పైపొర జిడ్డుగా మారి జారుతుంది. ఎన్ని సెకన్లు తిప్పాలన్నది ఆ రోజు ఎండను, ట్రాక్ వేడిని బట్టి జట్టు ముందే అనుకుంటుంది.

ఈ తిప్పడంలో మరో లాభమూ ఉంది. వాడిన సెల్లోటేపుకు దుమ్ము అంటితే ఇక అతుక్కోదు కదా! టైరుకు అంటిన ఇసుక, చెత్త పైపొరతో పాటే ఊడిపోతాయి. ఆ అరిగిన రబ్బరు ట్రాక్ మీద రెండు నల్లటి చారలుగా పరుచుకుంటుంది. రబ్బరు మీద రబ్బరు పట్టినంతగా మరేదీ పట్టదు. కారు వెనక్కి వచ్చేటప్పుడు జట్టులో ఒకరు ఎదురుగా నిలబడి, చక్రాలు సరిగ్గా ఆ చారల మీదికే వచ్చేలా చేతులతో సైగలు చేస్తుంటారు. ఆ మనిషిని ఎవరూ పట్టించుకోరుగానీ పందెంలో ఆయన వాటా తక్కువేం కాదు.

నీళ్లు పోసేది చల్లబరచడానికి కాదు. తడిమీద చక్రం సులువుగా తిరగడం మొదలుపెడుతుంది, ఇంజినుకు శ్రమ తగ్గుతుంది. తర్వాత పొడినేల మీదికి వచ్చాకే అసలు వేడి పుడుతుంది. ఒకప్పుడు నీళ్లకు బదులు బ్లీచ్ పోసేవారు. పొగ బ్రహ్మాండంగా వచ్చేది, ముక్కులు మాత్రం మండిపోయేవి!

ఇంతగా నమ్ముకున్న టైరే ఒక్కోసారి ప్రాణం తీస్తుంది. 2007 మార్చిలో ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్లేలో ఎరిక్ మెడ్లెన్ అనే రేసరు కారును పరీక్షిస్తుండగా వెనక టైరు దెబ్బతింది. కారు విపరీతంగా ఊగిపోయింది. తలకు తగిలిన గాయాలతో నాలుగు రోజులకు ఆయన చనిపోయాడు. ఆ తర్వాత డ్రైవరు తల చుట్టూ ఉండే రక్షణ ఏర్పాట్లను మార్చారు.

మన వీధుల్లోనూ కొందరు కుర్రాళ్లు ముందు బ్రేకు నొక్కిపట్టి, బైకు వెనక చక్రం తిప్పి పొగ రేపుతుంటారు. టైరు వేడెక్కితే పట్టు పెరుగుతుందట! రోడ్డు టైరు రబ్బరు వేరు. ఏళ్ల తరబడి మన్నేలా గట్టిగా చేస్తారు. దాని గాళ్లు వాన నీటిని పక్కకు తోసేందుకు. అలా తిప్పితే అరిగేది ఆ గాళ్లే. తొలకరి జల్లుకు బండి జారితే తెలుస్తుంది, ఆ పొగలో ఏం పోయిందో.

టాప్ ఫ్యూయల్ టైరుకు మన్నిక లెక్కే లేదు. పందెం దూరం 1000 అడుగులు, అంటే 305 మీటర్లు. అలాంటి పరుగులు ఎనిమిదో పదో చేస్తే గొప్పే. చార్మినార్ దగ్గర బయలుదేరిందనుకుంటే, నాంపల్లి స్టేషన్ రాకముందే దాని ఆయుష్షు తీరిపోతుంది.