ఒక్క పొయ్యి చాలు బ్రో!

"అన్నా, మా రూమ్‌లో ఒకటే స్టవ్ ఉంది. ఓవెన్ లేదు, మిక్సీ లేదు. వీడియోల్లో చూస్తే ప్రతి వంటకీ ఇరవై ఐటమ్స్ చెప్తున్నారు. మాలాంటోళ్లం ఏం వండుకోవాలి?"

ఈ కాలమ్‌కి ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే. నా జవాబు సింపుల్. మన రోజువారీ భోజనానికి ఓవెన్‌తో పనేముంది? పప్పు, చారు, వేపుడు, ఉప్మా... అన్నీ పొయ్యి మీదే పుట్టాయి. పెరుగన్నానికి అదీ అక్కర్లేదు.

అసలు అడ్డం స్టవ్ కాదు, అలవాటు. మా ఇంట్లో అక్కకి తొమ్మిదో తరగతిలోనే అన్నం వండడం నేర్పారు. నాకు బండి నడపడం నేర్పారు. ఇద్దరం ఇంజినీరింగే చదివాం, ఇద్దరం ఉద్యోగాలే చేస్తున్నాం. కానీ ఆఫీసు నుంచి రాగానే ఆకలేస్తే తనకి వంటిల్లు గుర్తొస్తుంది, నా ఫ్రెండ్స్‌లో చాలామందికి యాప్ గుర్తొస్తుంది. నెలాఖర్లో అకౌంట్ ఖాళీ అయినప్పుడు, జ్వరమొచ్చి పథ్యం తినాల్సి వచ్చినప్పుడు ఆ తేడా ఎంతో తెలుస్తుంది. రేపు పెళ్లయ్యాక ఆ వంట ఎవరి నెత్తిన పడుతుందో కూడా ఇక్కడే తేలిపోతుంది. అందుకే వంటని హాబీలా కాకుండా, ఈత నేర్చుకున్నట్టు నేర్చుకోండి.

ముందు సామాను

అయిదు లీటర్ల కుక్కర్, అందులో ఒకదాని మీద ఒకటి పట్టే రెండు గిన్నెలు, ఒక మూకుడు, గరిటె, చాకు, పోపుల డబ్బా. అంతే.

ఇండక్షన్ స్టవ్ అయితే ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి గిన్నె అడుగున పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటే ఆ గిన్నె పనికొస్తుంది. మామూలు అల్యూమినియం కుక్కర్ పనికిరాదు, ఇండక్షన్ బేస్ ఉన్నదే కొనాలి. ఇంకో మాట. 2000 వాట్ల స్టవ్ దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఫోన్ ఛార్జింగ్‌కి వాడే 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డుకి దాన్ని తగిలించొద్దు. గీజర్, ఏసీకి ఇచ్చే 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ వాడండి.

గ్యాస్ కనెక్షన్‌కి అడ్రస్ ప్రూఫ్ లేదా? 5 కిలోల చిన్న సిలిండర్ గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు.

మొదటి భోజనం: అన్నం, టమాటా పప్పు, గుడ్డు పొరటు

ఒక్క బర్నర్ అంటే సింగిల్ కోర్ ప్రాసెసర్ లాంటిది. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే ఆట.

కందిపప్పు అర గ్లాసు కడిగి అరగంట నానబెట్టండి. ఒక గ్లాసు సోనామసూరి బియ్యం కూడా కడిగి పెట్టుకోండి. పప్పు గిన్నెలో గ్లాసున్నర నీళ్లు, రెండు టమాటాలు, మూడు పచ్చిమిర్చి, చిటికెడు పసుపు. బియ్యం గిన్నెలో రెండు గ్లాసుల నీళ్లు. కుక్కర్ అడుగున గ్లాసున్నర నీళ్లు పోసి, కింద పప్పు, పైన బియ్యం పెట్టి మూత బిగించండి. నాలుగు విజిల్స్ వచ్చాక మంట తగ్గించి అయిదు నిమిషాలుంచి, కుక్కర్ దించేయండి.

చింతపండు వేసుకునేవాళ్లు పప్పు ఉడికాకే వేయండి. పులుపు తగిలితే పప్పు మెత్తబడ్డానికి మొండికేస్తుంది. టమాటా పులుపు అంతకంటే తక్కువ, కుక్కర్ దాన్ని గెలుస్తుంది. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్‌లో ఒత్తిడి వల్ల వేడి దాదాపు 120 డిగ్రీలదాకా వెళ్తుంది. అందుకే ఆవిరి దానంతట అది పోయేదాకా మూత జోలికి వెళ్లొద్దు.

ఆ పావుగంటా మీ పొయ్యి ఖాళీ. ఇప్పుడే పొరటు. మూకుట్లో రెండు స్పూన్ల నూనె, తరిగిన ఉల్లిపాయ, ఉప్పు, కారం. ఉల్లి మెత్తబడ్డాక రెండు గుడ్లు కొట్టి, ఒక నిమిషం కదపకుండా వదిలేసి తర్వాత కలపండి. పొడిపొడిగా వస్తుంది. ప్లేట్లోకి తీసేయండి.

ఈలోపు కుక్కర్ చల్లబడుతుంది. పప్పులో ఉప్పు వేసి గరిటెతో మెదపండి. అదే మూకుట్లో నూనె, ఆవాలు. ఆవాలు చిటపటలాడాకే జీలకర్ర, దంచిన వెల్లుల్లి, ఎండుమిర్చి, చివర్లో కరివేపాకు. ఈ వరస తప్పితే ఆవాలు పచ్చిగా, వెల్లుల్లి నల్లగా మిగులుతాయి. కరివేపాకు తడి తుడిచి వేయండి, లేకపోతే నూనె మీ చేతి మీదకే చిమ్ముతుంది. పప్పు అందులో పోసి రెండు నిమిషాలు ఉడకనిస్తే భోజనం రెడీ. పప్పు నానే టైమ్ తీసేస్తే మొత్తం ముప్పావు గంట పని. ఇద్దరికి సరిపోతుంది.

మిగతా రోజులకి

ఉప్మా: గ్లాసు రవ్వని దోరగా వేయించి పక్కన పెట్టండి. పోపులో ఉల్లి, పచ్చిమిర్చి వేగాక మూడు గ్లాసుల నీళ్లు, ఉప్పు. నీళ్లు తెర్లాక ఒక చేత్తో రవ్వ పోస్తూ ఇంకో చేత్తో కలపండి. ఒక్కసారిగా గుమ్మరిస్తే ఉండలే.

నిమ్మకాయ పులిహోర: పోపులో పల్లీలు, శనగపప్పు, పసుపు. స్టవ్ ఆపాకే నిమ్మరసం. మంట మీద పిండితే చేదొస్తుంది.

చారు: ఉసిరికాయంత చింతపండు నానబెట్టి పిండిన రసం, మూడు గ్లాసుల నీళ్లు, ఒక టమాటా, ఉప్పు, పసుపు, దంచిన మిరియాలు, జీలకర్ర. బాగా మరిగాక పోపు. జలుబు చేసినప్పుడు ఇంతకంటే హాయైన తిండి నాకు తెలీదు.

రెండు జాగ్రత్తలు

మిగిలిన అన్నం రాత్రంతా బయట వదలొద్దు. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా బతికే ఉంటాయి. బయటి వేడికి అవి పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఫ్రిజ్ లేకపోతే కొలిచి వండుకోండి.

పడుకునే ముందు రెగ్యులేటర్ ఆపండి. గ్యాస్ వాసనొస్తే ఏ స్విచ్చూ వేయొద్దు, తీయొద్దు. వంటగ్యాస్ గాలికంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది. తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, బయటికొచ్చాక 1906కి ఫోన్ చేయండి.

ఈ ఆదివారం పప్పుతో మొదలుపెట్టండి. వారానికి రెండు పూటలు వండుకున్నా చాలు, నెల తిరిగేసరికి కొలత గ్లాసు వెతుక్కోవడం మానేస్తారు. రూమ్‌మేట్ ఉంటే వంట ఒకరిది, గిన్నెలు ఇంకొకరివి, వారం మారగానే డ్యూటీ కూడా మార్చుకోండి. గిన్నెలు తోమడం కూడా వంటలో భాగమే కదా!