మధ్యలో రైతే వైరు

హసన్‌పర్తి వైపు బాయి కాడ మోటర్ పెట్టడానికి రాత్రిపూట టార్చి పట్టుకుని పోవాల్సిన బాధ మొబైల్ స్టార్టర్‌తో తప్పుతుంది. సిమ్ వేస్తే చాలు, ఇంట్లోంచి ఒక్క కాల్‌తో మోటర్ తిరుగుతుంది. నేలలో తేమ చెప్పే సెన్సర్లూ దొరుకుతున్నాయి. పత్తికో మిర్చికో రెండూ కొన్నవాళ్లు తేమ చాలగానే మోటర్ దానంతటదే ఆగుతుందనుకుంటారు.

ఆగదు. సెన్సర్ ఒక యాప్‌లో, స్టార్టర్ ఇంకో యాప్‌లో. ఒకటి చూసి రెండోది నొక్కాల్సింది రైతే.

ఇది చిన్న విషయం కాదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే అడిగింది. కరెంటు రాగానే అవసరం ఉన్నా లేకున్నా అవి మోటర్ ఎక్కిస్తాయి, భూగర్భ జలం వృథా అవుతుంది. తేమను బట్టి ఆగే మోటర్ ఉంటే ఆ గొడవే ఉండదు కదా!

మరి కలపడానికేం? మాడ్‌బస్ అనే పద్ధతి 1979 నుంచీ ఉంది, చాలా సెన్సర్లకు అదే దిక్కు. కానీ ఏ గడిలో అంకె చదవాలో అడిగే తీరు వరకే అది చెబుతుంది. ఆ అంకెకు అర్థం తయారీదారు ఇష్టం. ఒకరి 325 అంటే 32.5 శాతం తేమ, ఇంకొకరి 325 లెక్క కట్టని ముడి అంకె. తప్పుగా చదివితే తడి నేలకే మళ్లీ నీళ్లు. ఇక స్టార్టర్‌లో 2జీ మాడ్యూల్ ఉంటే జియో సిమ్ పనిచేయదు, జియోకు 2జీ లేదు మరి.

2022లో వచ్చిన మ్యాటర్ ప్రమాణం ఇంట్లో బల్బులకు, ప్లగ్గులకు బాగుంది. అది ఇంటి వైఫై లాంటి నెట్‌వర్క్ మీద నడిచేది, ఊరవతలి బోరు దాకా రాదు. మనకు పనికొచ్చేది వన్‌ఎం2ఎం. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ క్యాంపస్‌లో నీళ్లు, గాలి, కరెంటు కొలిచే రకరకాల సెన్సర్లను దానితోనే ఒక్కచోటికి తెచ్చారు. అంటే విద్య మన దగ్గరే ఉంది, స్టార్టర్ డబ్బాలోకే రాలేదు.

కొనేముందు షాపులో రెండు అడగండి. మాడ్‌బస్ గడుల పట్టిక ఇస్తారా? మీ సర్వర్ మూతపడితే మోటర్ ఎట్లా పెట్టాలి? మొదటిదానికి ఫోన్ చేసి కనుక్కుంటారు. రెండోదానికి నాకైతే ఇంతవరకు నవ్వే జవాబు.