రోగం పిచ్ మీద లేదు, ఓటర్ల జాబితాలో ఉంది

ఇరవై ఒకటి. 2010 నవంబర్‌లో జైపూర్‌లో రాజస్థాన్ మీద ఆడిన రంజీ మ్యాచ్‌లో హైదరాబాద్ జట్టు ఒక ఇన్నింగ్స్‌లో చేసిన పరుగులు ఇవి. అప్పటికి రంజీ చరిత్రలోనే అతి తక్కువ స్కోరు. మొదటి మ్యాచ్ ఆడుతున్న దీపక్ చాహర్ 10 పరుగులిచ్చి 8 వికెట్లు పడగొట్టాడు. తెల్లారి పేపర్ చూసి మేం అచ్చుతప్పు అనుకున్నాం. నూటాఇరవై ఒకటి అయి ఉంటది, ముందర అంకె ఎగిరిపోయిందనుకున్నాం. కాదు. ఇరవై ఒకటే.

ఆ రోజు నుంచి ఈ జట్టును తిట్టుకుంటూనే ఉన్నాం, చూసుకుంటూనే ఉన్నాం. 2022-23లో ఎలీట్ గ్రూపు నుంచి జారి ప్లేట్ గ్రూపులో పడ్డది. 2023-24లో ప్లేట్ గెలిచి పైకొచ్చింది. ఆ ఏడు, 2024 జనవరిలో, తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ మీద 147 బంతుల్లోనే మూడు వందలు కొట్టాడు. ప్రపంచ రికార్డు. మేమూ మిఠాయిలు పంచుకున్నాం. కానీ ఇంటికి పోయినంక ఒక ప్రశ్న నిద్రపట్టనివ్వలేదు. అరుణాచల్ 2018లో రంజీలో అడుగుపెట్టిన జట్టు. మనం 1934-35లో మొట్టమొదటి రంజీ నుంచి ఆడుతున్నవాళ్ళం. మనం వాళ్ళ గ్రూపులో ఎందుకున్నాం? పైకొచ్చిన 2024-25లో కూడా క్వార్టర్ ఫైనల్ గడప తొక్కలేదు. ఎందుకు?

ఈ ప్రశ్నలు అడిగేందుకు మాకున్న హక్కేమిటని కొందరు అడుగుతున్నారు. నిజమే. మేం మాజీ ఆటగాళ్ళం కాదు. మాకు క్లబ్బు లేదు, సంఘంలో పదవి లేదు, ఓటు లేదు. బడిలోనో, డిపోలోనో, కచేరీలోనో కొలువు చేసుకుంటూ, సెలవు పెట్టి ఉప్పల్‌లో రంజీ చూసే అయిదారుగురం. చూసేవాళ్ళ కంటే కాపలాదారులే ఎక్కువున్న రోజులు ఎన్నో చూశాం. సద్ది తెచ్చుకుని, ఎండకు తువ్వాల కప్పుకుని, ఓడిపోయే మ్యాచ్ చివరి బంతి దాకా కూర్చున్నాం. అదే మా హక్కు.

ప్రతి ఓటమి తర్వాత మూడు మాటలు వినబడతాయి. కెప్టెన్‌ను మార్చాలి. కోచ్‌ను మార్చాలి. ఐపీఎల్ వచ్చి పిల్లలను చెడగొట్టింది. మేం ఈ మూడింటినీ ఒప్పుకోం. కెప్టెన్లను మార్చి చూశారు, కోచ్‌లను మార్చి చూశారు. ఐపీఎల్ అన్ని రాష్ట్రాలకూ ఒక్కటే. అదే ఐపీఎల్ ఉన్న కాలంలోనే విదర్భ 2017-18, 2018-19, 2024-25లో మూడుసార్లు రంజీ గెలిచింది. సౌరాష్ట్ర 2019-20, 2022-23లో గెలిచింది. 2024-25లో కేరళ మొదటిసారి ఫైనల్ ఆడింది. పక్కనున్న ఆంధ్రా 2022-23, 2023-24లో వరుసగా క్వార్టర్ ఫైనల్‌కు పోయింది. వాళ్ళ పిల్లలు టీవీ చూడరా?

పోనీ మన గడ్డలో ప్రతిభ లేదా? గులాం అహ్మద్, జయసింహ, అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ, అజహరుద్దీన్, అర్షద్ అయూబ్, వెంకటపతి రాజు, లక్ష్మణ్, మిథాలీ రాజ్. ఈ పేర్లు చదివితే చాలు. కానీ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. 1937-38లో మొదటిసారి రంజీ గెలిచిన మనం రెండోసారి గెలిచింది 1986-87లో. నడుమ నలభై తొమ్మిదేళ్ళు. పటౌడీ, జయసింహ ఒకే జట్టులో ఆడినా కప్పు రాలేదు. 1999-2000లో లక్ష్మణ్ ఒక్కడే సీజన్‌లో 1,415 పరుగులు చేసి ఫైనల్ దాకా మోసుకుపోయాడు. అక్కడ ముంబై చేతిలో ఓడినం. అంటే మనకు మనుషులు పుడుతున్నారు, జట్టు పుడతలేదు. మొదటిది దేవుడి దయ. రెండోది సంఘం చెయ్యాల్సిన పని.

ఇక్కడ సిరాజ్ కథ గుర్తుచేసుకోవాలి. ఆటో డ్రైవర్ కొడుకు. టెన్నిస్ బంతితో గల్లీలో ఆడి, 2015లో రంజీకొచ్చి, 2016-17 సీజన్‌లో 41 వికెట్లు తీసి, 2025 ఆగస్టులో ఓవల్‌లో ఇంగ్లండ్ చేతిలోంచి మ్యాచ్ గుంజుకున్నాడు. అందరూ దాన్ని హైదరాబాద్ క్రికెట్ గొప్పతనమంటున్నారు. మేం తిరగేసి అడుగుతున్నాం. సిరాజ్ నగరంలో పుట్టకుండా నారాయణపేటలోనో ఆసిఫాబాద్‌లోనో పుట్టి ఉంటే?

జవాబు గొంగడి త్రిష ఇంట్లో ఉంది. 2025 ఫిబ్రవరిలో అండర్-19 మహిళల ప్రపంచకప్‌లో టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి ఆ పిల్ల. పుట్టింది భద్రాచలంలో. బిడ్డ ఆట కోసం తండ్రి కుటుంబాన్ని సికింద్రాబాద్‌కు తరలించాడు. ఆ తండ్రికి దండం పెడతాం. కానీ ఊరు విడిచిపెడితేనే ఆట దొరకాలన్న రివాజు ఎవరు పెట్టారు? ఊరు విడిచే స్తోమత లేని తండ్రుల పిల్లలు ఏమయ్యారు? వాళ్ళ పేర్లు ఏ స్కోరుబోర్డు మీదా ఉండవు.

మాకు తెలిసిన ఒక పిల్లవాడున్నాడు. జిల్లా నుంచి రాత్రి బస్సెక్కి, పొద్దున ట్రయల్స్‌కు దిగాడు. మూడు గంటలు వరుసలో నిలబడ్డాడు. ఆరు బంతులు వేయించారు, పేరు రాసుకున్నారు, పొమ్మన్నారు. మళ్ళీ పిలుపు రాలేదు. ఎందుకు తీసుకోలేదో చెప్పినవాళ్ళు లేరు. ఇప్పుడు కిరాణా దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. వాడు గొప్ప బౌలర్ అవునో కాదో మేం చెప్పలేం. ఆరు బంతులతో ఎవరు మాత్రం చెప్పగలరు?

రోగం మూలం ఇక్కడుంది. సంఘాన్ని ఎన్నుకునే ఓటర్ల జాబితాలో మెజారిటీ నగర క్లబ్బులది. జిల్లాల ఓట్లు చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. క్లబ్బంటే ఓటు. ఓటంటే పదవి. పదవంటే సెలెక్షన్, టికెట్లు, కాంట్రాక్టులు. సుప్రీంకోర్టు 2023లో సంఘం వ్యవహారాలు జస్టిస్ లావు నాగేశ్వరరావు చేతిలో పెట్టింది. ఒకే కుటుంబం చేతిలో ఒకటికి మించి క్లబ్బులున్నాయని చెప్పి ఆయన 57 క్లబ్బులను ఆ ఎన్నికల్లో ఓటుకు దూరం పెట్టారు. 2025 జులైలో సంఘం అధ్యక్షుడినే సిఐడి అరెస్టు చేసింది. తప్పెవరిదో కోర్టు తేలుస్తుంది, తీర్పు చెప్పడం మా పని కాదు. మేం చెప్పేది ఒక్కటే. ఆట సంఘం గురించి వార్త ఆటల పేజీలో కాకుండా కోర్టు వార్తల్లో వస్తున్నదంటే, మైదానంలో ఇరవై ఒక్క పరుగులకు ఆశ్చర్యపడే పని లేదు.

తిట్టడం అల్కగ. మందు చెప్పాలి గదా? మాకు తోచినవి అయిదున్నాయి.

ఒకటి, ఓటు. ఒక కుటుంబానికి ఒకే క్లబ్బు. ఏటా లీగ్‌లో సొంత జట్టు దింపని క్లబ్బుకు ఓటు వద్దు. ఆటగాళ్ళను అరువు తెచ్చి కాగితం మీద జట్టు చూపించేవాళ్ళకూ వద్దు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. పది జిల్లాలు ముప్పై మూడయ్యాయి. ముప్పై మూడు జిల్లాలకూ ముప్పై మూడు ఓట్లుండాలి. రంజీ ఆడిన మగ, ఆడ ఆటగాళ్ళకూ ఓటుండాలి. ఇది కాకుండా మిగతా నాలుగూ కావు. ఎందుకంటే ఓటు లేనివాడి ఊరికి పిచ్ రాదు.

రెండు, నేల. మ్యాటింగ్ మీద ఆడి పెరిగిన పిల్లవాడు టర్ఫ్ మీద నిలబడలేడు. బంతి ఎగిరే తీరు వేరు, తిరిగే తీరు వేరు. ముందుగా పాత జిల్లా కేంద్రాల్లో ఒక్కొక్క మంచి టర్ఫ్ మైదానం, దాన్ని చూసుకునే మాలి, ఒక రోలర్, నీళ్ళ సౌకర్యం, జీతమున్న ఒక కోచ్. బోర్డు నుంచి ఏటా కోట్లు వస్తున్నాయి. వాటిలో జిల్లాల వాటా ఎంతో ముందే ప్రకటించాలి, ఖర్చు లెక్క ఏడాది చివర పేపర్లో వెయ్యాలి.

మూడు, సెలెక్షన్. పిల్లలు హైదరాబాద్‌కు రావడం కాదు, సెలెక్టర్లు వరంగల్‌కు, నిజామాబాద్‌కు, పాలమూరుకు పోవాలి. ఆరు బంతుల ట్రయల్స్ బందు పెట్టాలి. జిల్లా లీగ్‌లో చేసిన పరుగులు, తీసిన వికెట్లే కొలత కావాలి. ఆ లెక్కలు అందరికీ కనబడేటట్టు పెట్టాలి. జట్టు ప్రకటించిన నాడు, ఎక్కువ పరుగులు చేసినవాడిని ఎందుకు పక్కనబెట్టారో రెండు వాక్యాల్లో చెప్పాలి. చెప్పుకోలేని కారణమైతే అది కారణమే కాదు.

నాలుగు, ఓపిక. విదర్భ ఏం చేసింది? చంద్రకాంత్ పండిత్ వంటి కఠినమైన కోచ్‌ను తెచ్చి పని అప్పజెప్పింది. వసీం జాఫర్ వంటి పెద్దమనిషిని జట్టులో పెట్టుకుని కుర్రవాళ్ళను ఆయన పక్కన నిలబెట్టింది. మనం కూడా కోచ్‌కు మూడేళ్ళు రాసివ్వాలి. రెండు మ్యాచ్‌లు ఓడితే నలుగురిని మార్చే అలవాటు మానాలి. ఈ మ్యాచ్ పోతే జట్టులో ఉంటనో లేదో అనుకునేవాడు జట్టు కోసం ఆడడు, తన కోసం ఆడతాడు. తప్పు వాడిది కాదు.

అయిదు, నిలుపుకోవడం. పదిహేడేళ్ళకే ఒకే మ్యాచ్‌లో డబుల్ సెంచరీ, సెంచరీ కొట్టిన అంబటి రాయుడు వేరే రాష్ట్రాలకు ఆడవలసి వచ్చింది. హనుమ విహారి ఇక్కడ మొదలుపెట్టి ఆంధ్రాకు పోయాడు. పొయ్యేవాళ్ళను తప్పుపట్టం. ఉండేటట్టు చేయనివాళ్ళను తప్పుపడతాం. రాష్ట్ర ఆటగాళ్ళకు ఏడాది పొడుగునా జీతం, జిల్లా పిల్లలకు నగరంలో ఒక హాస్టల్, ఆడపిల్లలకు వేరే హాస్టల్. ఇవి లగ్జరీలు కావు, కనీసాలు.

ఇన్ని చెప్పినంక, సన్‌రైజర్స్ ఉంది గదా, రంజీ ఎందుకని ఒక మిత్రుడు అడిగాడు. ఉప్పల్ నిండిపోతున్నది, జెండాలు ఊపుతున్నారు, సంతోషమే. కానీ ఆ జట్టుకు మన ఊరి పేరుంది, యాజమాన్యం చెన్నైది. ఆటగాళ్ళు వేలంలో వస్తారు, వేలంలో పోతారు. ఎవరూ కొననిది, ఎవరూ అమ్మలేనిది ఒక్క రంజీ జట్టే. మన పిల్లవాడు మన పేరు మీద ఆడే జాగా అదొక్కటే. దాన్ని పోగొట్టుకుంటే మనకు మిగిలేది ప్రేక్షకుల కుర్చీ.

మేం అడిగేది కప్పు కాదు. వచ్చే ఏడాదే గెలవమని పట్టుబట్టడం లేదు. ఓడినా సరే, ముప్పై మూడు జిల్లాల్లోంచి ఏరిన పదకొండు మంది ఓడాలి. అప్పుడు మేమూ నిమ్మళంగా ఓడతాం, మళ్ళీ సద్ది కట్టుకుని వస్తాం. సంఘం పెద్దలారా, ఓటర్ల జాబితా విప్పండి. మొదటి మార్పు అక్కడ చేసి చూపండి. అప్పటిదాకా ఉప్పల్ మెట్ల మీద కూర్చుని అడుగుతూనే ఉంటాం.