తీగకూ ఒక దిక్కుంది

పోయిన ఆదివారం రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. తెల్లవారి పది గంటలకు మా అమ్మాయికి ఉద్యోగం ఇంటర్వ్యూ. అంతా కంప్యూటర్లోనే. దాని ల్యాప్‌టాప్ తెర పగిలి నెల్లాళ్ళయింది. బాగు చేయించడం ఇవాళా రేపూ అని దాటేసింది నేనే. ఇంట్లో ఉన్న పాత కంప్యూటరుకు కెమెరా లేదు.

దాని మానిటరునే ల్యాప్‌టాపుకు తగిలిద్దామని బజారు నుంచి ఒక తీగ తెచ్చాను. ల్యాప్‌టాపుకున్నది హెచ్‌డీఎంఐ, మానిటరుకున్నది డిస్‌ప్లేపోర్టు. తీగకు ఈ కొస ఇదీ, ఆ కొస అదీ. ఎంత చక్కగా అమిరిందనుకున్నారు! తెర మీద మాత్రం "నో సిగ్నల్".

"ఏమండీ, అది చచ్చినట్టుంది. కొత్తది కొనేద్దాం" అంది మా ఆవిడ. పక్కింటాయన వచ్చి, నాడి చూసినట్టు చూసి, అదే తీర్పు చెప్పారు. అమ్మాయి మాత్రం నోరెత్తలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

చివరికి మా అబ్బాయి మానిటరును మళ్ళీ పాత కంప్యూటరుకు తగిలించాడు. బొమ్మ వచ్చింది. ల్యాప్‌టాపును మామూలు హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి తగిలించాడు. అక్కడా వచ్చింది. ఇక దొంగ ఎవరో చెప్పాలా?

హెచ్‌డీఎంఐ 2002లో, డిస్‌ప్లేపోర్టు 2006లో పుట్టాయి. చూడడానికి అన్నదమ్ముల్లా ఉన్నా వాటి భాషలు వేరు. మొదటిది బొమ్మను ధారగా పోస్తుంది. రెండోది పొట్లాలు కట్టి పంపుతుంది. డిస్‌ప్లేపోర్టున్న కంప్యూటర్లలో చాలావాటికి ధార పొయ్యడమూ వచ్చు. అందుచేత ఆ తీగ కంప్యూటరు డిస్‌ప్లేపోర్టు నుంచి టీవీ హెచ్‌డీఎంఐకి పని చేస్తుంది. కాని మానిటరు డిస్‌ప్లేపోర్టుకు పొట్లాలు విప్పడమే తెలుసు. అటుదిటు కావాలంటే నడుమ ఒక దుబాసీ ఉండాలి: సంకేతాన్ని నిజంగా మార్చే అడాప్టరన్నమాట. దానికి సాధారణంగా యూఎస్‌బీ కరెంటూ పెట్టాలి. కొట్టువాడు ఈ ముక్క చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఒకే మానిటరుకు రెండు కంప్యూటర్లు పెట్టుకుని, మధ్యన స్విచ్ వాడే ఇళ్ళవారు తెర నల్లబడితే ముందు ఆ స్విచ్ తీసేసి తిన్నగా తగిలించి చూడండి. మానిటరు తన కొలతలన్నీ ఒక చిన్న చీటీగా కంప్యూటరుకు పంపుతుంది. కొన్ని స్విచ్‌లు ఆ చీటీని సరిగా చేరనివ్వవు.

అర్ధరాత్రి అడాప్టరు ఎక్కడ దొరుకుతుంది? మర్నాడు ఇంటర్వ్యూ హాల్లో టీవీ ముందే జరిగింది. మా ఆవిడ కుక్కరు పెట్టలేదు. నేను వంటింట్లో దగ్గు ఆపుకుంటూ కూర్చున్నాను. ఫలితం ఇంకా రాలేదు.