బిట్టు ప్రశ్నల చరిత్ర - తప్పు జవాబుల రాజకీయం

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కోసం ప్రాణత్యాగం చేసిన నాయకుడెవరు?

గ్రూప్స్‌కు చదివే ఏ విద్యార్థిని అడిగినా, ఏ ఆఫీసులో ఏ ఉద్యోగిని అడిగినా తడుముకోకుండా వచ్చే జవాబు ఒక్కటే: పొట్టి శ్రీరాములు. దశాబ్దాలుగా పాఠ్యపుస్తకాలు, గైడ్లు, నవంబర్ 1 ఉపన్యాసాలు మనతో బట్టీ పట్టించిన జవాబు అది. కానీ అది తప్పు. ఆయన త్యాగం అబద్ధం కాదు. ఆయన ఎందుకోసం చనిపోయారన్న ముచ్చటనే తారుమారు చేశారు.

పొట్టి శ్రీరాములు 1952 అక్టోబర్ 19న మద్రాసులో, బులుసు సాంబమూర్తి ఇంట్లో నిరాహారదీక్షకు కూర్చున్నారు. డిసెంబర్ 15న కన్నుమూశారు. ఆయన అడిగింది మద్రాసు రాష్ట్రం నుంచి తెలుగు జిల్లాలను విడదీసి, మద్రాసు నగరంతో కూడిన ఆంధ్ర రాష్ట్రం ఇవ్వాలని. ఆ కోరికలో హైదరాబాద్ లేదు, వరంగల్ లేదు, కరీంనగర్ లేదు. అప్పటికి హైదరాబాద్ ఇంకో రాష్ట్రం. దానికి సొంత అసెంబ్లీ ఉంది, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా సొంత ప్రభుత్వం ఉంది. శ్రీరాములు త్యాగ ఫలితంగా 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ వచ్చింది 1956 నవంబర్ 1న, అంటే ఆయన పోయిన దాదాపు నాలుగేండ్లకు.

ఒక మాట తేడానే కదా, 'ఆంధ్ర' అన్నా 'ఆంధ్రప్రదేశ్' అన్నా ఏం పోయింది అంటారా? చాలానే పోయింది. మద్రాసు నుంచి విడిపోవడానికి జరిగిన త్యాగాన్ని తెలంగాణను కలుపుకోవడానికి జరిగిన త్యాగంగా మార్చితే, ఆ తర్వాత విడిపోతామన్న ప్రతి ఒక్కడూ అమరుణ్ని అవమానించినవాడే అవుతాడు. 'ఒక మహానుభావుడు ప్రాణమిచ్చి తెచ్చిన రాష్ట్రాన్ని చీలుస్తారా' అన్న ప్రశ్నను మనం ఎన్నిసార్లు విన్నాం! విడిపోవడం కోసమే ప్రాణమిచ్చిన మనిషిని ఐక్యతకు కాపలా పెట్టారు. ఒక్క బిట్టు చేసిన పని ఇది.

మొదటిది ఏది?

ఇంకో బిట్టు చూడండి. దేశంలో మొదటి భాషాప్రయుక్త రాష్ట్రం ఏది? చాలా గైడ్లు నేటికీ ఆంధ్రప్రదేశ్ అనే అచ్చేస్తాయి. స్వాతంత్ర్యం తర్వాత భాష ఆధారంగా ఏర్పడ్డ మొదటి రాష్ట్రం 1953 నాటి ఆంధ్ర. అంతకన్నా వెనక్కి పోతే బ్రిటిష్ పాలనలోనే 1936 ఏప్రిల్ 1న ఒడియా మాట్లాడేవాళ్ల కోసం ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్‌తో పాటు కేరళ పుట్టింది. మైసూరు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ కొత్త ఎల్లలతో మళ్లీ ఏర్పడ్డాయి. అదే రోజు దేశమంతా పటం మారింది. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి, అంతే.

మొదటి ముఖ్యమంత్రి విషయంలోనూ ఇదే గందరగోళం. ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. ఆంధ్రప్రదేశ్‌కు నీలం సంజీవరెడ్డి. హైదరాబాద్ రాష్ట్రానికి ప్రజలెన్నుకున్న మొదటి ముఖ్యమంత్రి 1952లో వచ్చిన బూర్గుల. ఆయనకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న ఎం.కె.వెల్లోడి ఎన్నికల్లో గెలిచినవాడు కాదు, ఢిల్లీ పంపిన ఐసీఎస్ అధికారి. మూడు రాష్ట్రాలను ఒక్కటిగా కలిపి చదివితే నలుగురు మనుషులు కలగాపులగమవుతారు. విడివిడిగా చదివితే ఏ తికమకా లేదు.

ఈ రాష్ట్రం పేరులోనూ ఒక ముచ్చట దాగి ఉంది. 1956లో పార్లమెంటు ముందుకు వచ్చిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ బిల్లులో ఈ రాష్ట్రం పేరు ఆంధ్ర-తెలంగాణ. జాయింట్ కమిటీ దశలో అది ఆంధ్రప్రదేశ్‌గా మారింది. బిల్లులో ఉన్న తెలంగాణ చట్టంలోకి రాకుండానే మాయమైంది. ఎన్ని పరీక్షల్లో ఈ ప్రశ్న అడిగారు?

ఆగస్టు 15 - సెప్టెంబర్ 17

తెలంగాణకు స్వాతంత్ర్యం ఎప్పుడొచ్చింది? దేశమంతా జెండా ఎగరేసిన 1947 ఆగస్టు 15న హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో లేదు. అదే ఏడాది నవంబర్ 29న నిజాంకు, భారత ప్రభుత్వానికి మధ్య కుదిరింది యథాతథ ఒప్పందం మాత్రమే. 1948 సెప్టెంబర్ 13న సైన్యం లోపలికి వచ్చింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్.చౌదరి ముందు లాంఛనంగా లొంగిపోయాడు.

దీనికి పెట్టిన పేరు 'పోలీసు చర్య'. వచ్చింది పోలీసులు కాదు, ట్యాంకులతో సైన్యం. సైన్యం పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. పోలీసు చర్య అంటే ఇంటి లోపలి గొడవ, సైనిక చర్య అంటే రెండు రాజ్యాల మధ్య యుద్ధం. ఐక్యరాజ్యసమితిలో నిజాం ఫిర్యాదు ఉన్న రోజుల్లో ఈ తేడా ఢిల్లీకి చాలా అవసరమైంది.

ఆ రోజుతోనే కథ అయిపోయిందని అనుకోవడం ఇంకో పొరపాటు. నిజాం ఎటూ పోలేదు. 1950 జనవరి నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా అదే రాష్ట్రానికి అధిపతి హోదాలో ఉన్నాడు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక ఎగిసిపడ్డ సాయుధ పోరాటమూ సెప్టెంబర్ 17న ఆగలేదు, 1951 అక్టోబర్ దాకా నడిచింది. భూమి కోసం తుపాకీ పట్టిన రైతుకూలీ నిన్న రజాకార్లతో కొట్లాడితే, తెల్లారి యూనియన్ సైన్యంతో తలపడాల్సి వచ్చింది. విలీనమా, విమోచనా, విద్రోహమా అని నేటికీ తెగని వాదానికి మూలం ఇక్కడుంది. దొరగడీ నుంచి పారిపోయిన దొర తిరిగొచ్చిన ఊరికి, జైలు నుంచి విడుదలైన కాంగ్రెస్ నాయకునికి, సైనిక చర్య తర్వాత హింసలో అయినవాళ్లను పోగొట్టుకున్న ముస్లిం కుటుంబానికి ఒకే తేదీ ఒకే అర్థం ఎట్లా ఇస్తుంది? ఎ, బి, సి, డిలలో ఒకటి గుర్తించమంటే గుర్తించగలిగే ముచ్చట కాదది.

1969 కన్నా ముందే

తెలంగాణ లొల్లి 1969లో మొదలైందని, అది నిరుద్యోగుల ఆవేశమని చాలాకాలం చెప్పారు. 1952 ఎక్కడ పోయింది?

సైనిక చర్య తర్వాత బయటినుంచి వచ్చిన అధికారులు, వాళ్ల వెంట వచ్చిన బంధువులు ఇక్కడి కొలువుల్లో చేరిపోయారు. దొంగ ముల్కీ సర్టిఫికెట్లు పుట్టుకొచ్చాయి. 1952లో వరంగల్‌లో రాజుకున్న విద్యార్థుల ఆందోళన 'నాన్ ముల్కీ గోబ్యాక్' అంటూ సెప్టెంబర్ మొదటి వారానికి హైదరాబాద్‌ను కమ్మేసింది. సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి, పిల్లలు చనిపోయారు. జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి విచారణ జరిపారు. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. మద్రాసులో పొట్టి శ్రీరాములు దీక్షకు కూర్చోకముందే హైదరాబాద్‌లో మన విద్యార్థుల నెత్తురు రోడ్డు మీద పడింది. అంటే ఆంధ్ర రాష్ట్రమే పుట్టకముందు, ఉమ్మడి రాష్ట్రం ఏర్పడకముందే, 'మా కొలువులు మాకు' అన్న కొట్లాట మొదలైంది. విడిపోవాలన్న కోరిక కలిసి ఉండి చెడ్డాక పుట్టిందని చెప్పేవాళ్లకు ఇదే జవాబు.

కమిషన్ ఏం చెప్పింది?

ఫజల్ అలీ, హెచ్.ఎన్.కుంజ్రూ, కె.ఎం.పణిక్కర్ సభ్యులుగా వేసిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషన్ 1955 సెప్టెంబర్ 30న నివేదిక ఇచ్చింది. అది విశాలాంధ్ర వల్ల లాభాలనూ రాసింది, తెలంగాణ భయాలనూ రాసింది. చివరికి 386వ పేరాలో తేల్చిందేమిటంటే, ప్రస్తుతానికి తెలంగాణ ప్రాంతం విడి రాష్ట్రంగా ఉండాలి. 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల తర్వాత, ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో కోరుకుంటే అప్పుడు ఆంధ్రతో కలవవచ్చు.

'హైదరాబాద్ అసెంబ్లీలో మెజారిటీ విశాలాంధ్రనే కోరింది కదా' అన్నది దీనికి ఎప్పుడూ వచ్చే ఎదురు ప్రశ్న. 1955 చివర్లో అసెంబ్లీలో చర్చ జరిగిన మాట నిజం. మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది విశాలాంధ్ర వైపు మొగ్గిన మాటా నిజం. కానీ ఓటింగ్ జరగలేదు. పైగా అది 1952లో ఎన్నికైన సభ. అందులో మరాఠీ, కన్నడ జిల్లాల సభ్యులూ ఉన్నారు. కమిషన్ అడిగింది ఆ సభ అభిప్రాయం కాదు. తెలంగాణ ఒక్కటే మిగిలాక, ఇదే ప్రశ్న మీద జనం దగ్గరికి పోయి గెలిచొచ్చే సభ తీర్పును అడిగింది. ఆ సభ ఎన్నడూ ఏర్పడలేదు. పెట్టాల్సిన పరీక్ష పెట్టకుండానే పాస్ చేశారు.

దాని బదులు 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం వచ్చింది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలన్నది అందులో షరతు. 1956 నవంబర్‌లో ఏర్పడ్డ సంజీవరెడ్డి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రే లేడు. ఒప్పందం మీద సంతకం చేసినవాళ్లలో సంజీవరెడ్డి కూడా ఒకరు. 'పెద్దమనుషుల ఒప్పందం ఏ తేదీన జరిగింది' అని అడుగుతారు. 'ఏ తేదీ నుంచి ఉల్లంఘించారు' అని అడిగితే జవాబు ఇంకా సులువు.

మన గైడ్లలో మన తప్పులు

ఇప్పటిదాకా చెప్పినవి మనకు అన్యాయం చేసిన తప్పులు. మనకు తీపిగా ఉండే తప్పుల సంగతేమిటి? 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మన ఉద్యమమే గ్రూప్-2లో 150 మార్కుల పేపరైంది. 1948 నుంచి 2014 దాకా మూడు దశలుగా సిలబస్ వచ్చింది. కోటి రతనాల విలువైన అవకాశం. కానీ కోచింగ్ సెంటర్ల మెటీరియల్ తిరగేస్తే పాత తప్పుల జాగాలో కొత్త తప్పులు కనిపిస్తున్నాయి.

'1948 నుంచి 1956 దాకా తెలంగాణ ప్రత్యేక రాష్ట్రం' అని రాస్తున్నారు. కాదు. అది హైదరాబాద్ రాష్ట్రం. అందులో తెలుగు జిల్లాలతో పాటు ఔరంగాబాద్, బీడ్, పర్భణీ, నాందేడ్, ఉస్మానాబాద్ మరాఠీ జిల్లాలు, గుల్బర్గా, రాయచూరు, బీదర్ కన్నడ జిల్లాలు ఉన్నాయి. తెలంగాణ పేరుతో ఒక రాష్ట్రం 2014కు ముందు ఎన్నడూ లేదు. ఫజల్ అలీ కమిషన్ కూడా 'హైదరాబాద్ రాష్ట్రం' అన్న పేరే సూచించింది. 'కమిషన్ ఏ షరతూ లేకుండా తెలంగాణ ఇమ్మంది' అన్నదీ సగం నిజమే. 1961 షరతును దాచిపెట్టాల్సిన పని లేదు, ఎందుకంటే ఆ షరతే మన బలం. 'విశాలాంధ్ర సీమాంధ్రుల కుట్ర మాత్రమే' అన్నదీ నిలవదు. ఇక్కడి కమ్యూనిస్టులు, ఇక్కడి కాంగ్రెస్‌లో కొందరు పెద్దలు దాన్ని మనసారా కోరుకున్నారు. వాళ్లకు ద్రోహుల ముద్ర వేస్తే సాయుధ పోరాటంలో సగం చరిత్రను మనమే చెరిపేసుకున్నట్టవుతుంది.

'ఆంధ్ర' అన్న మాట వినగానే ఉలిక్కిపడటం ఇంకో జబ్బు. 1901లో హైదరాబాద్‌లో పెట్టిన గ్రంథాలయం పేరు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం. 1921లో మాడపాటి హనుమంతరావు వంటివాళ్లు కట్టింది ఆంధ్ర జనసంఘం. నాడు ఇక్కడ ఆంధ్ర అంటే తెలుగు అనే అర్థం, గుంటూరు అని కాదు. అందుకే 'ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం ఎక్కడ' అన్న బిట్టుకు రెండు సరైన జవాబులున్నాయి. మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్రకైతే 1913లో బాపట్ల. నిజాం రాష్ట్రానికైతే 1930లో జోగిపేట, అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. ఏ మహాసభో చెప్పకుండా ప్రశ్న వేసి ఒక్క దానికే మార్కు ఇస్తే నష్టపోయేది ఎవరు? లైబ్రరీలో తెల్లందాకా కూర్చుని రెండూ చదివిన పోరగాడు. ఒక్క మార్కు దగ్గర కొలువు తప్పిపోయే దేశం మనది.

ఇది నెరవేరని కోరికేం కాదు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ చరిత్ర ప్రశ్నల తుది కీ ఇచ్చేటప్పుడు ప్రతి జవాబుకూ ఏ పత్రం ఆధారమో పక్కన అచ్చువేయాలి. రెండు జవాబులకు తావిచ్చే ప్రశ్నను కోర్టు మెట్లెక్కకముందే తీసేయాలి. 'తేదీ ఏది' అన్న ప్రశ్నలు తగ్గించి 'కారణం ఏది' అన్నవి పెంచాలి. విద్యార్థులు కమిషన్ నివేదికలో తెలంగాణ గురించిన భాగాన్ని గైడులో కాకుండా నివేదికలోనే చదవాలి. అసలు మాటలవి. ఉద్యోగ సంఘాలు ముల్కీ నిబంధనలు, ఆరు సూత్రాల పథకం, 1985 నాటి 610 జీవో అసలు పాఠాలను తెలుగులో అచ్చేసి పంచాలి. ఆ కాగితాల మీదే కదా మనం యాభై ఏండ్లు కొట్లాడింది.

ఉద్యమ కాలంలో మనకు సర్కారు లేదు. ఉన్నదల్లా నిజం. ధూంధాం వేదిక మీదైనా, యూనివర్సిటీ హాస్టల్ గదిలోనైనా 386వ పేరా చదివి వినిపిస్తే ఎదుటివాడి నోట మాట రాకపోయేది. నాడు మనల్ని గెలిపించిన నిజం పక్కన నేడు ఒక్క కమ్మని అబద్ధాన్ని కూర్చోబెట్టినా, రేపు మన పిల్లలు రెండింటినీ నమ్మరు.