ఈతకు వెళ్లే పిల్లలు – చెవుల సంరక్షణ

వేసవి సెలవులు రాగానే పిల్లలు పట్టణాల్లో ఈత కొలనులకు, పల్లెల్లో బావులకు, కాలువలకు పరుగులు తీస్తారు. ఈత చక్కని వ్యాయామం, ఆపదలో ప్రాణాలు కాపాడే విద్య. దానిని మాన్పించమని మేము చెప్పబోము. అయితే పది రోజులు వరుసగా నీళ్లలో మునిగిన పిల్లవాడు ఒక రాత్రి “అమ్మీ, చెవి పోటు” అంటూ ఏడుస్తూ లేస్తే ఏం జరుగుతుంది? చాలా ఇళ్లలో పెద్దవారు వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోస్తారు. వారి ప్రేమను మేము తప్పుపట్టము. ఆ నూనెను మాత్రం వద్దంటాము.

కారణం తెలియాలంటే చెవి నిర్మాణం కొంత తెలియాలి. చెవి రంధ్రం నుండి కర్ణభేరి వరకు ఉండే నాళం పెద్దవారిలో సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవుంటుంది. అందులోని గుబిలి మురికి కాదు, రక్షణ కవచం. దానిలోని జిడ్డు నీటిని, ఆమ్లగుణం సూక్ష్మజీవులను అడ్డుకుంటాయి. చెవి మాటిమాటికీ తడిస్తే ఈ పూత పోయి, లోపలి చర్మం నాని మెత్తబడుతుంది. ఆపై పుల్లతోనో, పిన్నుతోనో, దూది పుల్లతోనో గోకితే సన్నని గీతలు పడతాయి. వాటి గుండా సూడోమోనాస్, స్టెఫైలోకాకస్ వంటి సూక్ష్మజీవులు ప్రవేశిస్తాయి. వైద్యులు దీనిని ‘ఒటైటిస్ ఎక్స్‌టర్నా’ అంటారు. ‘స్విమ్మర్స్ ఇయర్’ అన్నది వాడుక పేరు.

మొదట దురద, తర్వాత నొప్పి, చెవి మూసుకుపోయినట్లుండటం, చీము కారటం దీని లక్షణాలు. చెవిడొప్పను మెల్లగా లాగినప్పుడు నొప్పి పెరిగితే అది సాధారణంగా బయటి నాళపు వ్యాధి. జలుబు, జ్వరాలతో పాటు వచ్చే పోటు తరచుగా మధ్య చెవికి సంబంధించినది. రెండింటి చికిత్సలు వేరు.

బావిలో ఎత్తు నుండి దూకినప్పుడు చెంప నీటికి బలంగా తగిలి కర్ణభేరి పగలవచ్చు. అప్పుడు పోసిన నూనె నేరుగా మధ్య చెవిలోకి చేరుతుంది. వేడిగా ఉంటే చర్మం కాలుతుంది. పైగా నూనె నిండిన చెవిలో వైద్యునికి ఏమీ కనిపించదు.

నివారణ తేలిక. ఈత ముగియగానే తలను ఒక పక్కకు వంచి, చెవిడొప్పను అటూ ఇటూ కదిలిస్తే నీరు బయటికి వస్తుంది. తువాలుతో బయటి భాగాన్ని మాత్రమే తుడవాలి. హెయిర్ డ్రయర్ ఉంటే అతి తక్కువ వేడిలో, ఒక అడుగు దూరం నుండి గాలి తగిలించవచ్చు. ఈత టోపీ, చెవి బిరడాలు మేలు చేస్తాయి. పాచి పట్టిన నీటిలో దిగనివ్వకూడదు. చెవిని ఆరబెట్టే చుక్కల మందును, కర్ణభేరి బాగుందని వైద్యుడు చూసి చెప్పాకే వాడాలి.

వ్యాధి వచ్చినప్పుడు వైద్యుడు నాళాన్ని శుభ్రపరిచి చుక్కల మందు ఇస్తారు. సీసాను కాసేపు అరచేతిలో ఉంచి, చల్లదనం పోయాక, పిల్లవాణ్ణి పక్కకు పడుకోబెట్టి మందు వేయాలి. మూడు నుండి ఐదు నిమిషాలు కదలనివ్వకూడదు. నొప్పి తగ్గినా చెప్పినన్ని రోజులూ వాడాలి. సాధారణంగా వారం పది రోజులు ఈత మానాలి. పాత మందు చీటీతో చుక్కలు కొని వేయటం తగదు. యాంటీబయాటిక్ చుక్కలను ఎక్కువ కాలం వాడితే చెవిలో బూజు పెరగవచ్చు.

వుజూ సంగతేమిటని తల్లులు అడుగుతారు. చెవుల మసహ్ అంటే తడి వేళ్లతో తుడవటమే, నీటిని లోపలికి పంపటం కాదు. నీరు అసలే తగలకూడదని వైద్యుడు చెప్పి ఉంటే, గుస్ల్ విషయంలో ఏం చేయాలో ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి.

చివరిగా ఒక హెచ్చరిక. ఇంట్లో మధుమేహం ఉన్న తాతయ్యకో, నానమ్మకో చెవిపోటు వచ్చి, రాత్రిళ్లు నిద్రపట్టనంతగా బాధిస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. వారిలో ఈ వ్యాధి ఎముకకు పాకి ప్రాణాంతకం కావచ్చు. ముఖం ఒక వైపుకు వంకరపోయినా, చెవి వెనుక వాపు వచ్చినా, తీవ్ర జ్వరం ఉన్నా, పిల్లలైనా పెద్దలైనా ఆసుపత్రికే తీసుకువెళ్లాలి. నూనె గిన్నెను పొయ్యి మీద పెట్టే ముందు ఈ మాట గుర్తు తెచ్చుకోండి.